మా పెంకుల మీద చైర్మన్ గారి చిరునవ్వు

డ్రోను తనిఖీ గురించి సొంతిల్లు ఉన్నవాళ్లు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఏమిటంటే, ఇంటికప్పు ఇంట్లోవాళ్ల కోసం కాదు, పైనుంచి చూసేవాళ్ల కోసం. ఈ జ్ఞానం నాకు యాభై దాటాక కలిగింది. అంతవరకూ ఎండకీ వానకీ అడ్డంగా ఉంటుందనే కప్పు వేసుకుంటారనుకుంటూ బతికాను. మా నాన్న కూడా అలాగే అనుకున్నాడు. ఆయన కాలంలో డ్రోన్లు లేవు గనక ఆ అజ్ఞానంతోనే హాయిగా పోయాడు.

నా పేరు మల్లిబాబు. గోగులపాలెం మెయిన్ రోడ్డు మీద బ్యాటరీల షాపు నాది. షాపు వెనకాలే ఇల్లు. షాపుకి స్లాబు ఉంది. మధ్యగదికీ ఉంది, కానీ వంటా పడకా అన్నీ అందులోనే. ఇక మిగిలింది పెరటివైపు గది. దానికి బంగళా పెంకులు. కిందటేడు ఊళ్లోకి వచ్చిన కోతుల గుంపు ఒకటి ఆ పెంకుల మీద రోజూ కబడ్డీ ఆడి, సగం పగలగొట్టి, పక్క వీధికి మకాం మార్చింది. మేము మార్చుకోవడానికి ఇంకో ఇల్లు లేదు.

మామూలుగా అయితే ఆ గదిలో పాత బ్యాటరీలు పడేసి ఊరుకునేవాణ్ణి. కానీ మా అమ్మాయి హైమకి తొలి కాన్పు. తొమ్మిదో నెల రాగానే పురిటికి తీసుకురావాలి. షాపు గదిలో యాసిడ్ వాసన, మధ్యగదిలో పొయ్యి. బాలింతనీ బిడ్డనీ పడుకోబెట్టడానికి ఆ పెరటిగది తప్ప వేరే దిక్కు లేదు. "మృగశిర రాకముందే పెంకులు మార్పించండి. పసిగుడ్డు మీద వానచుక్క పడితే మిమ్మల్ని ఏమీ అనను, మా అన్నయ్యని పిలుస్తాను" అంది మా ఆవిడ మంగతాయారు. వాళ్లన్నయ్య వస్తే నెల్లాళ్లు ఉంటాడు. కాబట్టి నేను వెంటనే మేస్త్రీకి కబురు పెట్టాను.

మేస్త్రీ వచ్చేదాకా పెంకుల మీద ఒక ఫ్లెక్సీ కప్పి, నాలుగు ఇటుకలు పెట్టాం. మా ఊళ్లో ఇది ఆచారం. నాయకుల పుట్టినరోజు వెళ్లిన మర్నాటికల్లా సెంటర్లో ఒక్క ఫ్లెక్సీ మిగలదు. అన్నీ కప్పుల మీదికీ, ధాన్యం బస్తాల మీదికీ, పశువుల పాకల మీదికీ చేరిపోతాయి. నాయకులు పేదవాళ్లకి నీడనిస్తామంటే నవ్వుకునేవాళ్లు ఈ సంగతి తెలియని పట్నవాసులు. మా ఇంటిమీదిది మాజీ చైర్మన్ నూకరాజు గారిది. ఆయన హయాంలో ఫ్లెక్సీలు దళసరిగా ఉండేవి.

ఆ ఫ్లెక్సీ వేసేటప్పుడు మంగతాయారు నిచ్చెన కింద నిలబడి ఒకే ఒక్క మాట చెప్పింది. పగిలిన పెంకుల సందుల్లోంచి లోపలికి కనబడుతుంది గనక, బొమ్మ ఆకాశంవైపు ఉండాలట. పురిటిగదిలోకి పరాయి మగవాడు తొంగిచూడకూడదట. అది సబబుగానే తోచింది. నూకరాజు గారు రెండు చేతులూ జోడించి ఆకాశానికి నమస్కారం పెడుతూ మా పెంకుల మీద వెల్లకిలా పడుకున్నారు.

సరిగ్గా అప్పుడే మా మున్సిపాలిటీ డ్రోను కొంది. ఎక్కడో ఓ పాత గోడ కూలిందని పేపర్లో పడింది. పక్క మున్సిపాలిటీవాళ్లు డ్రోను కొన్నారని కూడా పేపర్లోనే పడింది. గోడ కూలితే కప్పులెందుకు చూడాలని ఎవరూ అడగలేదు, అప్పటికే కొనేశారు కాబట్టి. పథకానికి 'గగనదృష్టి' అని పేరు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, డ్రోనుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. బొట్టు కెమెరా మీద పడింది. దాంతో మొదటి వారం ఫోటోల్లో ఊరంతా ఎర్రగా వచ్చింది. అది వడగాడ్పుల ప్రభావమని వివరణ ఇచ్చారు.

ఈ పథకానికి అధికారి టౌన్ ప్లానింగు చక్రధరరావు గారు. మనిషి చెడ్డవాడు కాదు. నలిగిన చొక్కా ఆయన ఒంటిమీద ఎవరూ చూడలేదు, నలిగిన వాక్యం ఆయన నోట ఎవరూ వినలేదు. మా మేస్త్రీ నిచ్చెన ఎక్కబోతుంటే మున్సిపాలిటీ జవాను వచ్చి ఆపాడని నేను ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అప్పుడు చెప్పారు.

"మల్లిబాబు గారూ, తనిఖీకి పూర్వము కప్పు యొక్క యథాస్థితిని భంగపరచుట నిషిద్ధము. మీరు పెంకులు మార్చినచో మేము తనిఖీ చేయునది మీ కప్పును కాదు, మీ మేస్త్రీ అభిప్రాయమును."

కప్పు కారుతోందని చెప్పాను. కారుతున్నదో లేదో తేల్చడానికే గదా గగనదృష్టి ఉన్నదన్నారు. కళ్లారా చూశానన్నాను. మీరు ఏ దిశ నుంచి చూశారన్నారు. కింద నుంచి అన్నాను. ఆయన జాలిగా నవ్వి, కింద నుంచి చూడటానికి ఇంతవరకూ జీవో రాలేదని చెప్పారు. జీవో వచ్చేదాకా కళ్లు మూసుకుని పడుకుందామనుకుంటూ ఇంటికొచ్చాను.

డ్రోను ఎగరేయడానికి మా ఊళ్లో ఒకే ఒక్కడికి వచ్చు. వాడు స్టూడియో ప్రభాకరం. పెళ్లిళ్లకి వీడియోలు తీసే మనిషి. పెళ్లికూతురు పల్లకీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించి, ఒక్కసారిగా పైకి లేపి, కల్యాణమండపం అంతా చూపించడం అతని పద్ధతి. మున్సిపాలిటీ అతన్నే పెట్టుకుంది. అతను మా కప్పుల్నీ అలాగే తీశాడు. ముందు చూరు దగ్గర సిగ్గుగా ఆగి, మెల్లగా కొప్పు దాకా వెళ్లి, చుట్టూ తిరిగి, గబుక్కున ఆకాశంలోకి లేచేవాడు. నివేదిక కూడా ఆల్బమ్ రూపంలోనే ఇచ్చాడు. మా ఇంటి కప్పుకి చుట్టూ మల్లెపూల బార్డరు, రెండు మూలలా రెండు హంసలు. అధికారులు రాయవలసిన వ్యాఖ్యని ఫోటో మీదే, పెళ్లికూతురి పేరు రాసే చోట, వంకరటింకర అక్షరాలతో అచ్చువేసే ఏర్పాటు చేశాడు.

మా హంసల మధ్య రాసిన వ్యాఖ్య, 'అనుమతి లేని ఆకాశాభిముఖ ప్రచార ఫలకం' అని.

అంటే హోర్డింగన్నమాట. నూకరాజు గారి మొహం పైకి ఉంది గనక, ఆకాశంలో పోయేవాళ్లకి ప్రచారం చేస్తున్నాను గనక, నా ఫైలు టౌన్ ప్లానింగు నుంచి ప్రకటనల విభాగానికి వెళ్లిపోయింది. పెంకుల మరమ్మతుకి పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. ఎందుకు తిప్పారని అడిగితే చక్రధరరావు గారు, "హోర్డింగులు కారవండి. కారినట్లు రాష్ట్రంలో ఎచ్చటా దాఖలా లేదు" అన్నారు.

సరే, బొమ్మతోనే గదా తంటా అని ఇంటికెళ్లి ఫ్లెక్సీ తీసేశాను. మర్నాడు ప్రభాకరం మళ్లీ వచ్చి మూడు ప్రదక్షిణలు చేశాడు. ఈసారి హంసల మధ్య 'శిథిల నిర్మాణం, తక్షణం ఖాళీ చేయవలెను' అని వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఫ్లెక్సీ ఉంటే అది కప్పు కాదు, లేకపోతే అది ఇల్లే కాదు. హైమని తీసుకురావడానికి ముహూర్తం పెట్టేశారు, మేస్త్రీ నిచ్చెన మా గోడకే ఆనించి ఉంది, నేను ఆ నిచ్చెన కింద నిలబడి ఆకాశంకేసి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

ఇంతలో గగనదృష్టి మొదటి విడత వీడియోని కల్యాణమండపంలో పెద్ద తెర మీద వేశారు. పౌరులందరూ రావాలన్నారు. నేను చక్రధరరావు గారిని పట్టుకోవచ్చునని వెళ్లాను. చైర్మన్ గవర్రాజు గారు ముందు వరసలో దండ వేసుకుని కూర్చున్నారు. సన్నాయి మోగింది. తెర మీద రెండు చేతులు వచ్చి గులాబీ రేకులు చల్లాయి. ఆ రేకుల్లోంచి మా ఊరు కనబడింది.

ఊరంతా నూకరాజు గారే ఉన్నారు. పాకల మీద నూకరాజు గారు, రేకుల మీద నూకరాజు గారు, పెంకుల మీద నూకరాజు గారు. మునసబు గారి వీధిలో ఆరుగురు నూకరాజు గార్లు వరసగా నమస్కారం పెడుతున్నారు. గవర్రాజు గారు మాత్రం ఊరి చివర గేదెల పాక మీద ఒక్కచోట కనిపించారు, అదీ సగమే. ఆయన కాలం ఫ్లెక్సీలు పల్చనవి, ఒక వానకే చిరిగిపోతాయి.

హాల్లో సన్నాయి మోగుతూనే ఉంది. గవర్రాజు గారు దండ తీసి పక్క కుర్చీలో పెట్టారు. ఆయన కోపిష్టి కాదు, కాస్త సుకుమారుడు. "గెలిచింది నేను కదండీ. మరి పైనుంచి సూత్తే ఆయనేంటండీ?" అని చక్రధరరావు గారిని అడిగారు. ఆ రోజు గవర్రాజు గారు మధ్యాహ్నం భోజనం చేయలేదని తర్వాత తెలిసింది. నాకూ ఆయన మీద జాలేసింది.

వారం తిరక్కుండా కౌన్సిలు తీర్మానం వచ్చింది. పౌరుల కప్పులకి రక్షణ కల్పించడం పురపాలక సంఘం కనీస ధర్మం గనక, ప్రతి ఇంటికీ చైర్మన్ గారి ఫ్లెక్సీ ఉచితంగా ఇస్తారు. దాన్ని కప్పు మీద పరవాలి. పరిచిన కప్పుని 'సంరక్షిత కప్పు' అంటారు. సంరక్షిత కప్పు హోర్డింగు కాదు, ఎందుకంటే అది ప్రచారం కాదు, ఆశీర్వాదం.

ఇందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. తీర్మానం చేసినవాళ్లు దాన్ని ఊహించారో లేదో నాకు తెలియదు. వ్యాఖ్య ఫోటో మీదే అచ్చవుతుంది కదా. చైర్మన్ గారి నుదుటి మీద 'శిథిలం' అని ఎవరు రాస్తారు? చక్రధరరావు గారు ఒకటి రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఒక రబ్బరు స్టాంపు చేయించారు. దాని మీద 'సుదృఢం' అని ఉంది. ఇక ఊళ్లో ప్రతి కప్పూ సుదృఢమే. గోడలు లేని పాకకి కూడా సుదృఢమని వచ్చింది. వర్షాకాలానికి ముందే ఊరంతా పటిష్ఠం చేసినందుకు జిల్లాలో మా మున్సిపాలిటీకి షీల్డు ఇచ్చారు.

స్లాబు ఇళ్లవాళ్లు మాకెందుకీ ఫ్లెక్సీలన్నారు. సంరక్షణ లేని ఇళ్లకి కొళాయి కనెక్షన్ విషయం ఆలోచిస్తామన్నారు మున్సిపాలిటీవాళ్లు. వాళ్లూ పరిచారు. అక్కడే ఒక చిక్కొచ్చింది. అప్పటికి ఎండలు దంచేస్తున్నాయి, ఆడవాళ్లందరూ వడియాలు పెట్టుకునే రోజులు. మా పక్కింటి శేషారత్నం గారు మేడ మీద శుభ్రంగా పరిచి ఉన్న ఫ్లెక్సీని చూసి ముచ్చటపడి, దాని నిండా గుమ్మడి వడియాలు పెట్టారు. మర్నాటి వీడియోలో చైర్మన్ గారి మొహం నిండా పొక్కులు. గవర్రాజు గారి ఆవిడ టీవీలో అది చూసి, అమ్మవారు పోసిందనుకుని, పోలేరమ్మకి చలిమిడి మొక్కుకున్నారు.

దాని మీద చక్రధరరావు గారు ఒక సర్క్యులర్ ఇచ్చారు. చైర్మన్ గారి బొమ్మ మీద కంఠము నుండి పైభాగమున వడియములు, అప్పడములు, ఒరుగులు మొదలగునవి ఆరవేయరాదు. చొక్కా భాగమున ఆరవేయవచ్చును. చేతుల మీద ఆరవేసినచో నమస్కారమునకు భంగము కలుగనట్లు వేళ్ల సందులను వదిలిపెట్టవలెను. శేషారత్నం గారు చొక్కా మీదే పెట్టుకున్నారు. తెల్లచొక్కా గనక బాగానే ఎండాయట.

మా పెంకుల మీద కూడా గవర్రాజు గారు వచ్చి పడుకున్నారు. నూకరాజు గారి ఫ్లెక్సీని జవాన్లు చుట్టి పట్టుకుపోయారు. నాకు 'సుదృఢం' పత్రం వచ్చింది. దాన్ని ఇంట్లో అందరికీ కనబడేలా వేలాడదీయాలని రూలు. మంగతాయారు పెరటిగది గోడకి మేకు కొట్టి తగిలించింది. ఇక పీడ విరగడైందనుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని చక్రధరరావు గారి దగ్గరికి మరమ్మతు అనుమతి కోసం వెళ్లాను.

ఆయన నా వంక బాధగా చూశారు. "సుదృఢమైన కప్పునకు మరమ్మతు అనగా, ప్రభుత్వ ధ్రువీకరణమును శంకించుటయే గదండీ. పైగా ఫ్లెక్సీని తొలగించక పెంకులు మార్చుట సాధ్యము కాదు. ఫ్లెక్సీని తొలగించుట శిక్షార్హము." అన్నారు.

ఒక్కసారి ఇంటికొచ్చి లోపలి నుంచి చూడమని బతిమాలాను. మా అమ్మాయి పురిటికి వస్తోందనీ, గదిలోంచి పైకి చూస్తే ఆకాశం కనబడుతోందనీ చెప్పాను. ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. కానీ బల్ల మీదున్న రూల్సు పుస్తకం వైపు చూసి సర్దుకున్నారు.

"లోపలి నుండి కనబడునది కప్పు కాదండీ, సీలింగు. సీలింగు గృహస్థు యొక్క సొంత వ్యవహారము. మేము పురపాలక సంఘం వారము, మీ బంధువులము కాము" అన్నారు.

మేస్త్రీ ఈ మాట విని తన నిచ్చెన పట్టుకుపోయాడు. ఊళ్లో రహస్యంగా పెంకులు సర్దిన ఒకరిద్దరు మేస్త్రీల తాపీలు మున్సిపాలిటీలో జమ అయిపోయాయట. ప్రభాకరం రోజూ పొద్దున్నే ఊరంతా ఓ చుట్టు చుట్టి వస్తున్నాడు. పెళ్లి ముహూర్తాలు అయిపోయాయి కాబట్టి అతనికీ తీరికే.

హైమ వచ్చింది. మృగశిర కూడా వచ్చింది, కార్తె ప్రవేశించిన రోజే వాన పట్టుకుంది. గవర్రాజు గారి ఫ్లెక్సీ మొదటి గంట బాగానే ఆపింది. తర్వాత పగిలిన పెంకు అంచు తగిలి ముక్కు దగ్గర చిరిగింది. అక్కడి నుంచి ధార మొదలైంది. గదిలో తపేళాలు, గిన్నెలు, పాత బ్యాటరీల డబ్బాలు పెట్టాం. హైమ మొదట నవ్వింది. "నాన్నా, జలతరంగం పెట్టించావేంటి నాకోసం?" అంది. సాయంత్రానికి మంచం ఏ మూలకి జరిపినా చుక్క వెతుక్కుంటూ వస్తుంటే నవ్వడం మానేసింది. చేత్తో పొట్ట కప్పుకుని పడుకుంది. నాకు నా మీద నాకే అసహ్యం వేసింది. గోడ మీది 'సుదృఢం' పత్రం తడిసి, అక్షరాలు కిందికి కారిపోయాయి.

ఆ వారంలోనే ఆసుపత్రిలో హైమకి కాన్పయింది. ఆడపిల్ల. బిడ్డ బొద్దుగా ఉంది, ఇద్దరూ క్షేమం. మంచాలు చాలక మూడోనాడే ఇంటికి పంపేశారు. ఆటో దిగుతుంటే మళ్లీ మబ్బు పట్టింది. మంగతాయారు మబ్బుని చూసింది, కప్పుని చూసింది, నన్ను మాత్రం చూడలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని, శేషారత్నం గారి మేడ మీద నుంచి చెయ్యి చాపి, మా పెంకుల మీది ఫ్లెక్సీని లాగేసింది. శిక్షార్హమే తాయారూ అన్నాను. "ఉన్నది ఒక్క గుడ్డ. అది ఇంటికి కట్టాలా, బిడ్డకి కట్టాలా? మీ ఆఫీసరు గారిని అడిగి రండి, ఈలోగా నేను కట్టేత్తాను" అంది.

కట్టేసింది. మంచం నాలుగు కోళ్లకీ నాలుగు కర్రలు నిలబెట్టి, ఆ ఫ్లెక్సీని పందిరిలా బిగించింది. బొమ్మ మాత్రం పైకే. చిరిగిన ముక్కు దగ్గర శేషారత్నం గారి సూదీదారంతో కుట్టు వేసింది. పందిరి కింద తల్లీ బిడ్డా పొడిగా పడుకున్నారు. గదిలో మిగతా అంతటా వాన.

ప్రభాకరం వీడియోలో మా కప్పు ఖాళీగా కనిపించింది. చైర్మన్ గారిని కప్పు మీద నుంచి దించేసిన ఇల్లు ఊళ్లో ఇదొక్కటే. వ్యవహారం జవాన్లతో పోయేది కాదు గనక, నోటీసు ఇవ్వడానికి చక్రధరరావు గారే స్వయంగా వచ్చారు. గొడుగు వేసుకుని, చొక్కా నలగకుండా, మా గుమ్మంలో నిలబడి చదవడం మొదలుపెట్టారు. మంగతాయారు, గుమ్మంలో నిలబడి చదవకూడదు, లోపలికి రండి బాబూ అంది. ఆయన మర్యాదస్తుడు. గొడుగు ముడిచి లోపలికి వచ్చారు. నేను గొడుగు మళ్లీ తెరవమని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

నోటీసు రెండో వాక్యంలో ఉండగా ఆయన కళ్లజోడు మీద ఒక చుక్క పడింది. తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. 'సుదృఢమని ధ్రువీకరింపబడిన మీ కప్పు' అనేచోట ఇంకొకటి కాగితం మీద పడింది. అదే సమయానికి పందిరి మధ్యలో నీళ్లు నిండి, ఫ్లెక్సీ కడవలా కిందికి దిగి, కుట్టు పట్టు వదలడం మొదలైంది. మంగతాయారు ఒక్క ఉదుటున బిడ్డని తీసి, చుట్టూ చూసి, ఎదురుగా ఖాళీ చేతులతో ఉన్న మనిషి ఆయనొక్కడే అనుకుని, నోటీసు పక్కకి లాగేసి బిడ్డని ఆయన చేతుల్లో పెట్టింది. "కాత్త పట్టుకోండి బాబూ, మంచం జరుపుతాం" అంది.

చక్రధరరావు గారు బిడ్డని పట్టుకున్నారు. గట్టిగా పట్టుకుంటే నలుగుతుందేమో, మెల్లగా పట్టుకుంటే జారుతుందేమో అన్నట్టు నిలబడిపోయారు. బిడ్డ నుదుటి మీద ఒక చుక్క పడింది. అది మొహం చిట్లించింది. ఆయన పక్కకి జరిగారు, అక్కడా చుక్క పడింది. ఇంకో పక్కకి జరిగారు. చివరికి ఇక జరగడానికి చోటు లేక, బిడ్డ మీదికి వంగి, తన వీపుని కప్పుగా పెట్టారు. ఆ ఇస్త్రీ చొక్కా మీద నీళ్లు టపటపా పడుతున్నాయి. మేము మంచం జరిపి, నీళ్లు ఎత్తిపోసి, పందిరి సర్దేదాకా ఆయన అలాగే వంగి ఉన్నారు. తర్వాత మెల్లగా తలెత్తి కప్పుకేసి చూశారు. ఉద్యోగంలో చేరాక ఒక కప్పుని కింద నుంచి చూడటం ఆయనకి అదే మొదటిసారి అనుకుంటాను.

"కారుతోందండీ," అన్నారు.

"అవును బాబూ," అంది మంగతాయారు.

ఆయన బిడ్డని హైమ పక్కన జాగ్రత్తగా పడుకోబెట్టి, తడిసిన నోటీసుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. గుమ్మం దాటుతూ నాకు మాత్రమే వినబడేలా, "పొద్దున్నే వాన తెరిపిస్తే మేస్త్రీని పిలిపించండి. ఫ్లెక్సీ తడి ఆరబెట్టి ఉంచండి. నిచ్చెనలు రెండు కావాలి" అన్నారు. అందులో 'యొక్క' గానీ 'గనుక' గానీ లేకపోవడంతో నాకు కాస్త భయం వేసింది.

పొద్దున్నే ఎండ కాసింది. హైమనీ బిడ్డనీ శేషారత్నం గారింటికి పంపాం. ఒక నిచ్చెన మీద మేస్త్రీ ఎక్కాడు. రెండో నిచ్చెన మీద, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చక్రధరరావు గారు ఎక్కారు. ఆ వైపు అంచులు ఆయన, ఈ వైపు అంచులు శేషారత్నం గారి మేడ మీద నుంచి నేనూ మా ఆవిడా పట్టుకుని, గవర్రాజు గారి ఫ్లెక్సీని పెంకులకి కాస్త ఎత్తులో బిగించి నిలబెట్టాం. దాని కింద మేస్త్రీ వంగి పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దుతున్నాడు. ఎవరూ కప్పు మీద నుంచి ఫ్లెక్సీని తొలగించలేదు. రూలుకి ఎక్కడా భంగం రాలేదు. ఆ మాట చక్రధరరావు గారు నిచ్చెన మీద నుంచే రెండుసార్లు అన్నారు, ఎక్కువగా ఆయనకి ఆయనే చెప్పుకున్నారు.

వేళకి ప్రభాకరం డ్రోను వచ్చింది. చూరు దగ్గర సిగ్గుగా ఆగింది. మేము తలలు ఫ్లెక్సీ కిందికి పెట్టేశాం. మేస్త్రీ మాత్రం పనిలో ఉన్నాడు, డ్రోను చప్పుడు వినలేదు. అతని తల ఫ్లెక్సీకి తగిలి గవర్రాజు గారి కుడి బుగ్గ పొంగింది. అతను ఎడమకి జరిగితే ఎడమ బుగ్గ పొంగింది. పెంకు అందుకోవడానికి భుజం ఎత్తితే పెదవి సాగింది. డ్రోను మూడు ప్రదక్షిణలు చేసి, గబుక్కున ఆకాశంలోకి లేచి వెళ్లిపోయింది. చక్రధరరావు గారు నిచ్చెన మీదే కూలబడి, తనకి ఇంకా చాలా సర్వీసు ఉందని గొణుక్కున్నారు.

ఆ సాయంత్రమే చైర్మన్ గారి నుంచి కబురు. చక్రధరరావు గారితో పాటు నేనూ వెళ్లాను. గవర్రాజు గారు తెర ముందు కూర్చుని మా ఇంటి వీడియోనే మళ్లీ మళ్లీ వేయించుకుంటున్నారు. తెర మీద ఆయన మొహం ఒక బుగ్గ తర్వాత ఒక బుగ్గ పొంగించుకుంటూ, పెదవి సాగదీసి, ఆకాశంకేసి నవ్వుతోంది. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఊరంతా సచ్చిన సేపలా పడున్నానండి. ఈ ఒక్క ఇంటి మీదే పేనం ఉన్నట్టున్నాను. ఇదెలా జరిగిందో నాకక్కర్లేదు. అన్నిళ్ల మీదా ఇలాగే నవ్వాలి" అన్నారు.

చక్రధరరావు గారు లేచి, చొక్కా సవరించుకుని, పాత గొంతుతో, పైకప్పు బింబముల సజీవీకరణ నిమిత్తము ప్రతి గృహమునందును ఫ్లెక్సీ క్రిందిభాగమున ఒక నిపుణుని నియమించుట అవసరమని, అట్టి నిపుణులు తాపీపనివారు అయినచో శ్రేష్ఠమని మనవి చేశారు. తీర్మానం ఆ రోజే జరిగింది. జమ చేసిన తాపీలు తిరిగి ఇచ్చేశారు.

ఆ నెలంతా గోగులపాలెంలో మేస్త్రీలకి క్షణం తీరిక లేదు. వీధి వీధినా గవర్రాజు గారు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నవ్వారు. కొన్నిచోట్ల ఆవులించారు, పాత రేకులు తీస్తున్న చోట ఎవరినో కొరుకుతున్నట్టు కనిపించారు. అదీ బాగుందన్నారాయన. పుష్యమి కార్తె వానలు వచ్చేసరికి ఊళ్లో పనంతా అయిపోయింది.

ఇప్పుడు బయట జోరున పడుతోంది. పెరటిగదిలో తపేళాలన్నీ మధ్యగదిలో పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాయి. హైమ నిద్రపోతోంది. నా మనవరాలు ఉయ్యాల్లో వెల్లకిలా పడుకుని, గుప్పిళ్లు బిగించి, కొత్త పెంకులకేసి చాలాసేపు చూసింది. అక్కడ ఏ మొహమూ లేదు, ఏ చుక్కా పడలేదు. చూసి చూసి విసుగొచ్చి కళ్లు మూసుకుంది.